పుస్తకం చేసే చదువు మన పిల్లలకు ఎందుకు వద్దు?



ప్లస్ టూ ముగించిన పిల్లవాడు పుస్తక ప్రచురణ చదువుతానన్నాడనుకోండి. "అచ్చాఫీసులో పనికి కాలేజీ ఎందుకురా?" అంటాం. తెలుగు బి.ఏ.లో చేరతానన్న అమ్మాయినైతే "టీచరుద్యోగం రాకపోతే ఏం చేస్తావమ్మా?" అని భయపెడతాం. తమిళనాట 2006 నాటి తమిళ బోధనా చట్టం తరువాత మన బడుల్లో తెలుగు కుంచించుకుపోయిన మాట నిజమే, కనుక ఆ భయం అకారణం కాదు. కాని తెలుగు చదువుకు పంతులుద్యోగమొక్కటే గమ్యమని నిర్ణయించినదెవరు? చట్టం కాదు, మనమే.

ప్రచురణ అంటే అచ్చు వేయించడమని మనలో చాలామంది అభిప్రాయం. అచ్చు ఆ పనిలో ఒక అంచె మాత్రమే. వ్రాతప్రతిని చదివి ఏది నిలుస్తుందో తేల్చాలి, రచయితను నొప్పించకుండా పరిష్కరించాలి, అనుమతులు తెచ్చుకోవాలి, ఖర్చు లెక్క కట్టాలి. డెమీ సైజులో ఫారానికి 16 పుటలనుకుంటే 128 పుటల పుస్తకం ఎనిమిది ఫారాలతో ముగుస్తుంది. ముందుమాట మరి రెండు పుటలు పెరిగితే అదనపు కాగితం, అదనపు అచ్చుకూలి. ఈ చిన్న లెక్క తెలియక చేతులు కాల్చుకున్న రచయితలు ఎందరో! హక్కుల సంగతీ అంతే. మన దేశంలో రచయిత మరణించిన సంవత్సరం తరువాత 60 ఏండ్ల వరకు హక్కు నిలుస్తుంది. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 1983లో మరణించిన శ్రీశ్రీ కవితలకు 2043 చివరి దాకా అనుమతి కావాలి. బడి సంకలనాలు కూర్చే మనలో ఎందరికి ఈ తేడా తెలుసు?

ఇక ప్రూఫులు. "అర్థం" అంటే భావం, "అర్ధం" అంటే సగం. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి ఒకదాని స్థానంలో మరొకటి పడితే, కేవలం అక్షరక్రమం చూసే యంత్రం పట్టుకోలేదు. అను ఫాంట్లలో కూర్చిన పాత ఫైళ్లను యూనికోడులోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరితే, సరిచూడడానికి తెలుగు క్షుణ్ణంగా వచ్చిన కన్నే కావాలి. ఎందుకూ కొరగాదని మనం అనుకునే వ్యాకరణమూ సంధులూ ఇక్కడ నేరుగా కూడుపెట్టే విద్యలు.

చదువుకునే చోట్లు లేవా అంటే ఉన్నాయి. ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తక ప్రచురణలో పట్టభద్రుల కోసం డిప్లొమా రూపొందించింది. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ స్వల్పకాలిక శిక్షణలు నిర్వహిస్తూ వచ్చింది. అవి తెలుగులో నేర్పేవి కావు. పంక్తి కింద వేలాడే వత్తులకు ఎంత చోటు వదలాలో, పంక్తి చివర తెలుగు మాటను ఎక్కడ విరవాలో అక్కడ ఎవరూ చెప్పరు. అది చెప్పవలసినది మన తెలుగు శాఖలు. నన్నయను తీసివేయమని ఎవరూ అడగడం లేదు. మూడవ సంవత్సరంలో ఒక్క పేపరు, పరిష్కరణకూ పుటల కూర్పుకూ కేటాయిస్తే నన్నయకు వచ్చే లోటేమీ లేదు. పైగా ఆయన్ని తప్పుల్లేకుండా అచ్చు వేయగలవారు మిగులుతారు.

జీతాల మాట అడుగుతారు. దాచడమెందుకు? తెలుగు ప్రచురణ చాలావరకు ఇంటి వ్యాపారం. రచయితే డబ్బు పెట్టుకొని, రచయితే మోసుకొని అమ్ముకొనే పుస్తకాలు కొల్లలు. కాని మన పిల్లలు ఒక్క తెలుగుతో ఆగేవారా? హోసూరు పిల్లకు తెలుగుతో పాటు తమిళం వచ్చు, కన్నడం వచ్చు, ఇంగ్లీషూ వచ్చు. చెన్నైలోని తూలిక, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ ఒకే పిల్లల పుస్తకాన్ని అనేక భాషల్లో తెస్తాయి, వాటిలో తెలుగూ ఒకటి. అటువంటి పనికి రెండు మూడు భాషల మధ్య పుట్టిపెరిగినవారికంటె తగినవారెవరు? హైదరాబాదు పిల్లలకు లేని ఆస్తి ఇది, మనమే లోపమని అనుకుంటున్నాం.

మరో సంగతి ఉద్యోగానికి మించినది. స.వెం. రమేశ్ గారి "ప్రళయకావేరి కథలు" పులికాటు సరస్సు ప్రాంతపు పలుకుబడిలో అచ్చయింది. ఆ పలుకు తెలియని సంపాదకుని చేతిలో పడితే అటువంటి పుస్తకం ఏమవుతుంది? ఆయన దురుద్దేశం లేకుండానే ప్రతి మాటనూ "సరిదిద్ది" కూర్చుంటాడు. మన పిల్లల చేతికి వచ్చే అనువాద పాఠాల్లో ఇంట్లో ఎవరూ పలకని తెలుగు కనిపిస్తున్నదని సభల్లో వాపోతాం. సరే, దిద్దడానికి మనవాళ్లను ఎవరిని తయారుచేశాం?

చెన్నపట్నంలో వావిళ్లవారి ముద్రాలయం వెలసినది 1854లో. ఆంధ్రపత్రిక బొంబాయి నుండి 1914లో అక్కడికే వచ్చింది. 1947లో చందమామ పుట్టినదీ అక్కడే. వార్షికోత్సవాల్లో ఈ పేర్లు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాం. ఆ పనిని చదువుగా ఎంచుకొన్న పిల్లవాణ్ణి మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి మందలిస్తాం.

ఈ ఏడు బడి సంచికను డీటీపీ దుకాణానికి అప్పగించి చేతులు దులుపుకోకండి. మొదటి ప్రూఫులు తెచ్చి, ఎర్ర కలాలతో పాటు తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టండి. ఎవరు చివరి పుట దాకా లేవకుండా కూర్చుంటారో చూసి, ఆ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడండి.