పేరెఱుగని చెట్టు

ఆదివారము సాయంకాలము ఓడలరేవునకు అమలాపురమునుండియు, దూరపు పట్టణములనుండియు జనులు వచ్చుచున్నారు. సరుగుడు నీడను కూర్చుండి, సముద్రమును చూచి, ప్రొద్దుగ్రుంకగనే మరలిపోవుచున్నారు. వైనతేయపాయ యొడ్డున మడచెట్లున్నవి. అవి యేమి చెట్లని బిడ్డ యడిగిన తండ్రి చెప్పలేకున్నాడు. ఇది స్వల్పలోపమని మేము తలపము.

బెంగుళూరి లాల్‌బాగు 1760లో హైదరాలీ వేయించిన తోట. అందు తెలిసినవారొకరు ముందు నడచుచు, ఒక్కొక్క చెట్టుకడ నిలిచి, అది యే దేశమునుండి వచ్చినదో, దాని గుణమేమో చెప్పుచుండ, పౌరులు వెంట నడచి వినుచు వచ్చిరి. హైదరాబాదులో శిలారక్షణమునకై యేర్పడిన సంఘమువారును బండల నడుమ నిట్టి నడకలే సాగించిరి. గోడలు లేని బడి యిది.

ఈ విద్య మనకు క్రొత్తదికాదు. 1793లో కలకత్తాకు పోవువఱకు సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బరో దొర యీ తీరపు మొక్కలను పరీక్షించి, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. 1795 మొదలు లండనులో వెలువడిన యాతని గ్రంథమున పెక్కు మొక్కలకు తెలుగు పేర్లు చేర్చబడినవి. ఆ పేర్లు దొర కెవరు చెప్పిరి? రైతో, నాటువైద్యుడో, పుల్లలేరు ముసలమ్మయో చెప్పియుండవలెను. గ్రంథమున దొర పేరు నిలిచినది. చెప్పినవారి సంతతికి నేడు చెట్ల పేర్లే తెలియకున్నవి.

మడచెట్టు బురదలోనుండి ఊపిరివేళ్ళను మేకులవలె పైకెత్తును. గాలి చొరని బురదలో వేరు బ్రతుకుట కదియే యుపాయము. ఉప్పుపొన్న గింజ తల్లికొమ్మమీదనే మొలకెత్తి క్రిందికి రాలును. తిల్లపాలు కంటబడిన చూపునకే ముప్పు. ఈ సంగతులు జాలరి యెఱుగును, పట్టభద్రు డెఱుగడు. 1996 నవంబరు 6వ తేదీ తుపానునకు కోనసీమ కొబ్బరితోటలు నేలకూలినవి. వేలకుటుంబములు దుఃఖమున మునిగినవి. కెరటముల వేగమును తగ్గించి యొడ్డును కాచునది మడయడవి. దాని పేరైన నెఱుగనివాడు, గొడ్డలి పడునాడు దాని పక్షమున నేమని వాదించును? తానెఱుగనిదానికి సాక్ష్యమిచ్చువానిని ఏ న్యాయస్థానమును నమ్మదు.

కాకినాడ చెంత కోరంగి యభయారణ్యమున మడల నడుమ కొయ్యబాట వేసిరి. మేలే. కాని బాట మాటలాడదు, మనుష్యుడు పలుకవలెను.

కావున మా మనవి యిది. నెలకొక యాదివారము, పోటు తీసిన వేళ, ఇరువదిమందిని ఓడలరేవున కూర్చుడు. ఒక వృద్ధజాలరిని ముందు నడువ వేడుడు. ఉపాధ్యాయు డాయన మాటలను వ్రాసికొనుగాక, పిల్లలు ప్రశ్నలడుగుదురుగాక. ఆయనకు కూలి యని గాక గురుదక్షిణ యని సమర్పింపుడు. మఱునెల కొబ్బరితోటలో రైతు గురువగును. దీనికి భవనము వలదు, ప్రభుత్వపు టుత్తరువు వలదు. కాళ్ళును చెవులును చాలును.

అమలాపురపు టుపాధ్యాయులారా! మొదటి యాదివారమునకు మీలో నెవరు వత్తురు?