ఫోను మనది, పెత్తనం ఎవరిది?

"నీకు తెలీదులే అమ్మా, ఇలా ఇవ్వు!" ఈ మాట పడని ఇల్లాళ్ళు మన విశాఖపట్నంలో ఎంతమంది ఉంటారు? ఎనిమిదో క్లాసు పిల్లాడు ఫోను చేతిలోంచి తీసుకుంటాడు. నాలుగుసార్లు వేలితో గీస్తాడు. కరెంటు బిల్లు కట్టేశాననో, గ్యాసు బుక్ చేసేశాననో చెప్పి ఆటలకి వెళ్ళిపోతాడు. మా వాడెంత తెలివైనవాడో అని మనం పక్కింట్లో చెప్పుకుని మురిసిపోతాం. మురిసిపోవడంలో తప్పేం లేదు. కాని వచ్చే నెల బిల్లు కట్టాలంటే మళ్ళీ ఆ పిల్లాడు బడినుంచి రావాలి. వాడు హాస్టల్లో చేరితే? ఫోను మనదే, డబ్బు మనదే, పనీ మనదే. పెత్తనం మాత్రం మనది కాదు!

కొత్త అంటే ఈ ఊరికి కొత్తేం కాదు. 1933లో రేవు తెరుచుకుంది. 1948లో నెహ్రూగారి చేతుల మీదుగా 'జల ఉష' ఓడ ఇక్కడే నీళ్ళలోకి దిగింది. ఎన్నో ప్రాణాలు బలిపెట్టి సాధించుకున్న ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఇప్పుడు మరో కొత్త వచ్చింది. అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖలో కృత్రిమ మేధ కేంద్రం కడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ ప్రకటించింది. సముద్రం అడుగునుంచి కేబుళ్ళు మన తీరానికే వస్తాయన్నారు. ఎన్ని ఉద్యోగాలొస్తాయి, ఎంత భూమి పోతుంది, నీళ్ళూ కరెంటూ ఎక్కడివి అని ఊరంతా చర్చించుకుంటోంది. జరగాల్సిన చర్చే. అయితే ఇంత పెద్ద యంత్రాంగం పెరట్లోకి వస్తున్నప్పుడు, వంటింట్లో ఉన్న మనిషి చేతి ఫోనులో ఆమెకి పనికొచ్చేది ఏముందని అడిగేవాళ్ళెవరు? ఎవరో అడగడం దేనికి, మనమే అడుగుదాం.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్ళు నూటికి 21 మంది. మగవాళ్ళు 49 మంది. తాను స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉన్న ఆడవాళ్ళు నూటికి సగం కూడా లేరు. ఆ లెక్కలు తీసి కొన్నేళ్ళయింది, ఇప్పుడు ఫోన్లు పెరిగాయి కదా అంటారా? ఫోన్లు పెరిగితే చాలదు. ఇంట్లో బావి ఉండగానే సరా, తోడుకునే చేద మన చేతిలో ఉండాలి కదా!

వెనకటి రోజులు గుర్తుచేసుకోండి. ప్రెషర్ కుక్కరు వంటింట్లోకి ఎలా వచ్చింది? పేలిపోతుందని భయపడిన అత్తగార్లున్నారు. పక్కింటావిడ వాడి చూపించింది. పప్పుకి ఎన్ని కూతలు, గాస్కెట్ ఎప్పుడు మార్చాలి అన్నీ గోడ మీదనుంచే చెప్పింది. గ్యాసు పొయ్యి, మిక్సీ, కుట్టుమిషనూ అంతే. ప్రకటనలు చూసి ఆశపడ్డాం, వాడినావిడ మాట విని కొన్నాం. పక్కింట్లో మిక్సీ వేస్తే చప్పుడు మనకి వినిపిస్తుంది. ఫోనులో ఉన్న పనిముట్టు మాత్రం ఎవరికీ కనిపించదు, వినిపించదు. ఎదురింటావిడ ఫోనులో ఏం ఉపయోగపడుతోందో మనకి తెలీదు, మన ఫోనులో ఏముందో ఆవిడకి తెలీదు. అందుకే మంచివన్నీ మూలపడి ఉంటున్నాయి. పదే పదే ఎదురుపడేవి డబ్బు పోసి ప్రకటనలిచ్చేవాళ్ళ యాప్‌లే.

మరి పనికొచ్చేవేమిటి? ముందుగా మనం సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో విశాఖ మర్చిపోలేదు. చెట్లు కూలి, కరెంటు పోయి, ఫోన్లు మూగబోయి, అయినవాళ్ళ క్షేమం తెలీక అల్లాడిపోయాం. అంత పెను తుపానులోనూ ప్రాణనష్టం తగ్గిందంటే వాతావరణ శాఖ ముందుగా చెప్పబట్టే. ఆ శాఖవారి 'మౌసమ్' యాప్ 2020నుంచి ఉంది. మనుషుల్నీ పశువుల్నీ పొలాల్లోనే పొట్టనపెట్టుకునే పిడుగుల గురించి హెచ్చరించడానికి పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు 'దామిని' తయారుచేశారు. సముద్రంలో చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశం ఉందో, అలలు ఎంత ఎత్తున లేస్తాయో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో లెక్కగట్టి మత్స్యకారులకి చెబుతోంది. బోటు ఎక్కేది మగవాడే కావచ్చు. వాడు తిరిగొచ్చేదాకా ఒడ్డున కళ్ళు కాయలు కాసేలా చూసేదీ, వచ్చిన చేపని తట్టలో పెట్టుకుని అమ్మేదీ ఆడదే. ఆ హెచ్చరిక ఆమె ఫోనుకీ రావద్దూ?

ఇక భాష సంగతి. "మాకు ఇంగ్లీషు రాదండీ" అని వెనక్కి తగ్గేవాళ్ళు చాలామంది. ఆ అడ్డంకి ఇప్పుడు సగం తొలగిపోయింది. ఫోను కీబోర్డు మీద చిన్న మైకు బొమ్మ ఉంటుంది. భాష తెలుగు అని ఎంచుకుని మాట్లాడితే మన మాట అక్షరాలై పడుతుంది. చేపలమ్మే ఒకామె నాతో అంది కదా, "నాకు సదువు రాదు గానీ అమ్మా, మైకు నొక్కి మాటాడితే అదే రాసేస్తంది" అని. గూగుల్ అనువాదంలో తెలుగు 2011నుంచీ ఉంది. దాని కెమెరాని ఇంగ్లీషు నోటీసు మీదో, బ్యాంకు కాగితం మీదో పెడితే తెలుగులో చూపిస్తుంది. అక్కడక్కడ తప్పుతుంది, అయినా విషయం అర్థమౌతుంది. వినికిడి తగ్గిన అత్తగారింట్లో ఉంటే, ఎదుటివాళ్ళ మాటల్ని పెద్ద అక్షరాల్లో చూపించే 'లైవ్ ట్రాన్‌స్క్రైబ్' చాలా ఫోన్లలో ఉచితంగా వస్తుంది. చెవిటి మేళం అని విసుక్కునే ఇంట్లో అది ఎంత శాంతి తెస్తుందో వాడి చూడండి.

ఆఫీసుల చుట్టూ తిరగడం మనకి మరో శిక్ష. వంట ముగించి, బస్సెక్కి, క్యూలో నిలబడ్డాక సారు లేరంటారు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. 95523 00009 నంబరుకి హాయ్ అని పంపితే సేవల పట్టిక వస్తుంది. పిల్లల సర్టిఫికెట్లు దాచుకోవడానికి 2015నుంచి డిజిలాకర్ ఉంది. ఇంట్లోంచే డాక్టరుని చూసే వీలు 'ఇ-సంజీవని' కల్పిస్తోంది. ఆపదలో పోలీసుల్ని పిలిచే 'శక్తి' యాప్ 2025 మార్చి 8న వచ్చింది. ఆపద వచ్చాక ఎలా నొక్కాలా అని వెతుక్కుంటే లాభం లేదు. ఇవాళే పెట్టుకుని, ఎలా పనిచేస్తుందో తెలుసుకుని ఉండాలి. దానికి పిల్లాడు బడినుంచి వచ్చేదాకా ఆగుతామా?

2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి కృత్రిమ మేధ గురించి అందరూ మాట్లాడుతున్నారు. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తోంది. పింఛను కోసం అర్జీ రాయించుకోవచ్చు. పిల్లల లెక్క ఎందుకు తప్పిందో మెట్టు మెట్టుగా చెప్పించుకోవచ్చు. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముకునేవాళ్ళు ఖర్చు వెచ్చాలు లెక్కగట్టించుకోవచ్చు. కాని ఒక్క మాట. తెలీని సంగతి కూడా తెలిసినట్టే ధీమాగా చెప్పేసే గుణం దానికుంది. మన చుట్టాల్లో అలాంటివాళ్ళు లేరూ? వాళ్ళతో ఎలా ఉంటామో దీనితోనూ అలాగే ఉండాలి. మందు మోతాదు, కోర్టు వ్యవహారం, డబ్బు పెట్టుబడి దాని మాట మీద చెయ్యకూడదు. ఆధార్ నంబర్లు, ఇంటి గుట్టు దానికి చెప్పకూడదు.

మంచి పక్కనే చెడూ ఉంది. 2020 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో అప్పుల యాప్‌లు ఎన్ని కాపురాల్లో నిప్పులు పోశాయో చూశాం. అయిదు నిమిషాల్లో అప్పు అని ఆశపెట్టి, ఫోనులో ఉన్న పేర్లూ ఫొటోలూ అన్నీ లాక్కుని, కట్టడం ఆలస్యమైతే బంధువులందరికీ అసహ్యమైన మెసేజీలు పంపారు. పరువుకి జడిసి ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులో పేర్ల జాబితా, ఫొటోల జోలికి పోకూడదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. నిబంధన ఉందని మనకి తెలిస్తేనే కదా, అడిగిన యాప్‌ని అవతల పారెయ్యగలం!

అందుకే కొత్తది ఏది కనిపించినా అయిదు ప్రశ్నలు వేద్దాం. నాకున్న ఏ పని దీనివల్ల తేలికవుతుంది? దీన్ని తయారుచేసిందెవరు? ఉచితమైతే వాళ్ళకి డబ్బు ఎక్కణ్ణించి వస్తోంది? నా ఫోనులో ఏమేం చూస్తానంటోంది? వద్దనుకుంటే తీసెయ్యడం ఎలా? టార్చిలైటు యాప్ మన చుట్టాల నంబర్లు అడిగిందంటే దాని ఉద్దేశం వెలుగు చూపించడం కాదని అర్థం. యాప్‌లు ఫోనులోని అధికారిక స్టోరునుంచే తీసుకోవాలి. అక్కడ మెచ్చుకున్నవాళ్ళ మాటలకన్నా తిట్టినవాళ్ళ మాటలు ముందు చదవండి. పెళ్ళి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు ముట్టుకోవద్దు. డబ్బు మనకి రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే మన డబ్బు తీసుకోవడానికే. వీడియోలో పోలీసు డ్రెస్సు వేసుకుని 'డిజిటల్ అరెస్టు' అని బెదిరించేవాడు దొంగ. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. ఎంత తొందరగా చెబితే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. మీ బ్యాంకు ఖాతా ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తోంది? సంఘంలో అప్పు మీ పేరున వస్తుంది, సంతకం మీది, వాయిదా కట్టే బాధ్యత మీది. ఓటీపీ మాత్రం ఆయన ఫోనుకో, అబ్బాయి ఫోనుకో వస్తుంది. ఆయన మీద అనుమానంతో అనడం లేదు. ఆయనకి ఒంట్లో బాగోక ఆస్పత్రిలో ఉంటే మందుల డబ్బు తియ్యడానికి మీరు ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? భర్త పోయిన దుఃఖంలో ఉండగా, తన సొంత ఖాతా తెరవడానికి కొడుకూ కోడలూ దయతలిచేదాకా ఎదురుచూసే తల్లి మీకు తెలీదా? బ్యాంకుకి వెళ్ళి మీ నంబరే రాయించుకోండి. ఆధార్‌కీ మీ నంబరే ఇవ్వండి. కాపురంలో నమ్మకం ఉండాలి, నిజమే. తాళంచెవి రెండో జత చేయించుకున్నంత మాత్రాన నమ్మకం పోదు.

ఒంటరిగా నేర్చుకోవడం కష్టమే. అయితే మన ఆడవాళ్ళు కలిసి నేర్చుకున్న చరిత్ర ఎంత గొప్పదో చూడండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో కూలి పనులు చేసుకునే ఆడవాళ్ళు రాత్రిబడిలో పాఠాలు చదువుతూ సారా గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచి 1992లో ఉద్యమం లేచింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్ళకి బలమిచ్చింది ఒక్క అక్షరమే కాదు, అక్షరం చుట్టూ కలిసి కూర్చోవడం.

మనమూ కలిసి కూర్చుందాం. గాజువాకలో డ్వాక్రా సంఘమైనా, ఉక్కునగరం క్వార్టర్లలో లేడీస్ క్లబ్బయినా, పెదజాలారిపేటలో వల కుట్టే అరుగైనా సరే. నెలకి ఒక సమావేశంలో అరగంట. ఒక్కరు ఒక్క పనిముట్టు చూపించాలి. షరతు ఒక్కటే: చూపించేవాళ్ళు ఎదుటివాళ్ళ ఫోను ముట్టుకోకూడదు. నోటితో చెప్పాలి, నేర్చుకునేవాళ్ళే తమ వేలితో నొక్కాలి. తప్పు నొక్కితే వెనక్కొచ్చి మళ్ళీ నొక్కాలి. రెండు వారాలు వాడి చూసి, పనికిరాకపోతే తీసెయ్యాలి. పనికొస్తే ఇంకో ఇద్దరికి చెప్పాలి. పిల్లల్నీ ఇందులో కలుపుకోవచ్చు. "చేసిపెట్టు నాయనా" అనకుండా "చెప్పు నాయనా, నేను చేస్తాను" అందాం. మాటలో తేడా చిన్నదే. జీవితంలో తేడా చాలా పెద్దది.

సముద్రం అడుగునుంచి ఎన్ని కేబుళ్ళయినా రానివ్వండి. కొండవాలున ఎంత పెద్ద కేంద్రమయినా లేవనివ్వండి. ఈ ఊళ్ళో ఇల్లాలు తన వేలితో, తన పిన్నుతో, తనకి కావలసిన పని తాను చేసుకున్ననాడే ఆ కొత్త నిజంగా విశాఖకి వచ్చినట్టు. ఈ వారం మీరు కొత్తగా ఏం నేర్చుకున్నారు? పక్కింటావిడకి చెప్పారా?