వీసా కాగితం - దాని వర్గ స్వభావం

వీసా కేవలం పరిపాలనా వ్యవహారమనీ, అర్హత వున్నవాడికి అది దొరుకుతుందనీ, లేనివాడికి దొరకదనీ, ఇందులో వర్గాన్నీ చరిత్రనూ వెదకడం అభ్యుదయవాదుల చాదస్తమనీ వాదించేవారు మన విద్యావంతుల్లో చాలామంది వున్నారు. దరఖాస్తు ఫారం అందరికీ ఒకటే, రుసుము అందరికీ ఒకటే, ఇక అన్యాయం ఎక్కడిదని వీరి ప్రశ్న. ఈ వాదం పైకి నిష్పాక్షికంగానే కనిపిస్తుంది. కాని అసమానుల ముందు ఒకే ఫారం పెట్టినంత మాత్రాన సమానత్వం సిద్ధించదు. ఆ ఫారంలోని ప్రశ్నలు ఎవరి జీవితాన్ని దృష్టిలో పెట్టుకుని రాశారో, ఎవరి జీవితం ఆ గళ్లలో ఇమడదో పరిశీలించాలి. అప్పుడు గాని కాగితం అసలు స్వరూపం బయటపడదు.

ఈ విషయాన్ని గాలిలో చర్చిస్తే ప్రయోజనం లేదు. బ్రెజిల్‌ను తీసుకుందాం. ఒకప్పుడు మూడు ఖండాల మనుషులను తన తోటల్లోకి దింపుకున్న ఆ దేశం నుంచే నేడు మనుషులు బతుకుతెరువు కోసం బయటికి పోతున్నారు. ఆ దేశపు విదేశాంగ శాఖ 2023 నాటి అంచనా ప్రకారం 45 లక్షలకు పైగా బ్రెజిలియన్లు పరదేశాల్లో వున్నారు. లోపలికి వచ్చిన వలసకూ బయటికి పోయే వలసకూ మధ్య లంకె ఏమిటో తెలిస్తే వీసా సంగతి సగం తెలిసినట్టే.

బయలుదేరదలచినవాడు ముందుగా తొక్కవలసినది కార్తోరియో గుమ్మం. జనన, వివాహ, మరణాలు నమోదయ్యే కచేరీ అది. అక్కడ జనన పత్రాన్ని సంక్షిప్తంగా కాక పూర్తి పాఠంతో తీసుకోవాలి. నేరచరిత్ర లేదని ఫెడరల్ పోలీసుల చేత రాయించుకోవాలి. అవి విదేశంలో చెల్లాలంటే అపోస్టిల్ ముద్ర వుండాలి. ఆ ముద్రకు సంబంధించిన హేగ్ ఒడంబడిక 2016 ఆగస్టులో బ్రెజిల్‌లో అమలులోకి వచ్చింది. పోర్చుగల్‌కు పోయేవాడికి భాష ఒకటే గనుక తర్జుమా బెడద లేదు. తక్కిన చాలా దేశాలకైతే ప్రమాణం చేసిన అనువాదకుడి చేత పుటపుటా తర్జుమా చేయించాలి. ముద్రకు ఇంత, పుటకు ఇంత. అమెరికా సందర్శక వీసాకు దరఖాస్తు పెట్టడానికే 2023 నుంచి 185 డాలర్లు. నిరాకరిస్తే ఆ డబ్బు తిరిగి రాదు. 2025లో బ్రెజిల్ కనీస వేతనం నెలకు 1,518 రియాళ్లు. అందులో సగానికి మించిన మొత్తం "వద్దు పో" అనిపించుకోవడానికే ఖర్చవుతుంది. రుసుము అందరికీ ఒకటేనన్న పెద్దలు ఈ లెక్క వేసి చూడాలి.

ఇక మెట్లు చూద్దాం. పోర్చుగల్‌ను బ్రెజిలియన్లకు సోదర దేశమంటారు. ఆ సోదర భావం ఎవరిపట్ల ఎంతో చట్టమే చెబుతున్నది. అయిదు లక్షల యూరోలు పెట్టుబడి పెట్టేవాడికి 2012 నుంచి "బంగారు వీసా" వుంది. 2023లో ఇళ్లు కొనే దారి మూశారు గాని, పెట్టుబడి నిధుల్లో పోసేవాడికి తలుపు తెరిచే వుంది. విదేశీ కంపెనీకి ఇంట్లో కూర్చుని పనిచేసే వుద్యోగికి 2022లో వేరొక వీసా ఏర్పరచారు. దానికి పోర్చుగల్ కనీస వేతనానికి నాలుగు రెట్లు, అంటే 2025లో నెలకు 3,480 యూరోల ఆదాయం చూపాలి. బ్రెజిల్ కనీస వేతనంతో పోలిస్తే అది పది రెట్లకు పైమాటే. అద్దెల మీద, పింఛను మీద బతికేవాడికి ఇంకొక వీసా. మరి ఇటుకలు మోసేవాడికి, హోటల్లో గిన్నెలు కడిగేవాడికి? దేశంలోకి వచ్చి, పని సంపాదించి, పన్ను కట్టి, ఆ తరువాత నివాసపత్రం కోరే దారి ఒకటి వుండేది. 2024 జూన్‌లో దాన్ని మూసివేశారు. పని వెదుక్కునేవారికని 2022లో పెట్టిన వీసాను 2025లో వున్నత నైపుణ్యం గలవారికే పరిమితం చేశారు. గమనించవలసినది ఏమంటే, డబ్బున్నవాడి దారి మలుపు తిరిగింది. కూలివాడి దారి తెగిపోయింది.

డబ్బుకు తోడు మరొక అర్హత వుంది. అది రక్తం. ఇక్కడే కాగితం చరిత్ర తన నిజరూపం చూపిస్తుంది.

1888 మే 13న బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది. మూడు శతాబ్దాలకు పైగా సాగిన ఆ వ్యాపారంలో 48 లక్షలకు పైగా ఆఫ్రికన్లను ఆ తీరంలో దింపారు. విముక్తులైన బానిసలకు గజం భూమి ఇవ్వలేదు. కాఫీ తోటల యజమానులు కూలికోసం ఐరోపా వైపు తిరిగారు. సావో పాలో రాష్ట్రం ఖజానా నుంచి ఓడ ఛార్జీలు పెట్టి ఇటాలియన్ కుటుంబాలను రప్పించింది. 1890 జూన్ 28 నాటి డిక్రీ పని చేయగలవారందరికీ రేవులు తెరిచింది. ఆసియా, ఆఫ్రికా వాసులు మాత్రం పార్లమెంటు అనుమతి లేనిదే రాకూడదన్నది. అదే సంవత్సరం డిసెంబరులో ఆర్థికమంత్రి రూయి బర్బోజా బానిసత్వానికి సంబంధించిన ప్రభుత్వ రికార్డులను తగలబెట్టమని వుత్తర్వు చేశాడు. మాజీ యజమానులు నష్టపరిహారపు దావాలు వేయకుండా చేయడానికే ఆ పని చేశాడని చెబుతారు. కావచ్చు. అన్ని రికార్డులూ కాలిపోలేదు కూడా. కాని ఫలితం మాత్రం ఒకటే: ఒకరి తాతల పేర్లు చర్చి పుస్తకాల్లో, ఓడల జాబితాల్లో, ఇటలీ గ్రామాల రిజిస్టర్లలో భద్రంగా నిలిచాయి. మరొకరి తాతలు ఆస్తి పట్టీలో పశువుల పక్కన ఇంటిపేరు లేకుండా నమోదయ్యారు. ఆ పట్టీ కూడా నిప్పులపాలైంది.

వందేళ్ల తరువాత ఆ రెండు రకాల పత్రాలే పాస్‌పోర్టులుగా మారాయి. ఇటలీ 1992 పౌరసత్వ చట్టం ప్రకారం ముత్తాత తండ్రి ఇటాలియన్ అని రుజువైతే చాలు, సావో పాలో యువకుడు ఐరోపా పౌరుడయ్యేవాడు. ఆఫ్రికన్ ముత్తవ్వ మనుమడికి చూపడానికి గ్రామం లేదు, రిజిస్టరు లేదు, పేరు లేదు. ఇద్దరి పూర్వులూ ఒకే కాఫీ తోటలో చెమటోడ్చినవారే. వలస కూలీల దుస్థితిని చూసి ఇటలీ ప్రభుత్వమే 1902లో బ్రెజిల్‌కు వుచిత ప్రయాణపు వలసను నిషేధించింది. తోటలో ఇద్దరూ పీడితులే అయినా, కాగితం మీద ఒకడు వారసుడు, మరొకడు అనామకుడు.

"2025 మార్చిలో ఇటలీ ఆ హక్కును తల్లిదండ్రులు, తాతల తరానికి కుదించింది కదా, ఇక తెల్లవాడికి మాత్రం మేలేముంది?" అని ఆక్షేపించవచ్చు. మేలు పొందవలసినవారు ముందే పొందారు. పాత పత్రాలు వెదికించడానికి, వకీళ్లను పెట్టుకోవడానికి, ఏళ్ల తరబడి వరుసలో నిరీక్షించడానికి స్తోమత గలవారు ఎప్పుడో లోపలికి పోయారు. 2025 జనవరి నుంచి మనిషికి 600 యూరోలైన రుసుమును పైసాపైసా కూడబెడుతున్న పేద ఇటాలియన్ సంతతివాడి ముఖం మీద తలుపు పడింది. రక్తం ఒకటే అయినా వర్గం వేరైతే ఫలితం వేరే అని ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

రక్తబంధం కూడా కూలి అవసరం వున్నంతవరకే. 1908లో కసాటో మారు ఓడ 781 మంది జపనీయులను శాంతోస్ రేవులో దింపింది. 1990లో జపాన్ కర్మాగారాలకు కూలీలు కావలసి వచ్చి, ఆ వలసదారుల మనుమల తరం దాకా దీర్ఘకాల నివాస వీసాలిచ్చింది. మూడు లక్షల మంది వెళ్లారు. 2008లో సంక్షోభం వచ్చి కర్మాగారాలు మూతపడగానే, 2009లో మనిషికి మూడు లక్షల యెన్లు చేతిలో పెట్టి, ఆ వీసాతో మళ్లీ రావద్దని సాగనంపింది. కూరలో కరివేపాకు సామెత వారికి తెలియకపోవచ్చు గాని దాని అర్థం బాగా తెలిసివుంటుంది. 2018లో మళ్లీ కూలీల కరవు రాగా నాలుగో తరానికి వీసా ప్రకటించారు: 18 నుంచి 30 ఏళ్లవారు, ఏడాదికి 4,000 మందికి మించకుండా, కుటుంబం లేకుండా. చేతులు కావాలి, చంటిపిల్లలు వద్దు!

"ప్రతి దేశానికీ తన సరిహద్దును కాచుకునే హక్కు లేదా?" అన్నది చివరి వాదం. కాగితం అక్కరలేదని ఎవరూ అనలేదు. ఎంత కాగితం, ఎవరికోసం అన్నదే ప్రశ్న. 2002లో కుదిరి 2009లో అమలులోకి వచ్చిన మెర్కోసూర్ నివాస ఒప్పందం చూడండి. అర్జెంటీనాకో ఉరుగ్వేకో పోయే బ్రెజిలియన్ తానెవరో రుజువు చేసుకుని, జనన పత్రం, నేరచరిత్ర లేదన్న పత్రం చూపితే రెండేళ్ల నివాస హక్కు లభిస్తుంది. ఆ మొదటి రెండేళ్లకు ఆదాయం అడగరు, తాతల పేర్లు అడగరు. ఆ ప్రభుత్వాలు కూలిపోలేదు, సరిహద్దులు చెరిగిపోలేదు. పేద దేశాలు ఇరుగుపొరుగున చేయగలిగిన పనిని సంపన్న దేశాలు చేయకపోవడం అశక్తత కాదు, అభిమతం.

మన సాహిత్యంతో దీనికేమి సంబంధం? చాలా వుంది. వలస అనగానే విడిచివచ్చిన వూరు, చెరువుగట్టు, అమ్మ చేతి ముద్ద - ఇంతటితో ఆగిపోయే రచనలు మనకు కొరత లేదు. ఆ బెంగ అబద్ధమని అనను. కాని బెంగను మాత్రమే రాసేవాడు కచేరీ గుమాస్తాను వదిలేసి వర్షాన్ని తిట్టేవాడు. సావో పాలో మురికివాడలో చిత్తుకాగితాలు ఏరుకుని బతికిన నల్లజాతి స్త్రీ కరోలినా మరియా ద జెసూస్, ఏరిన ఆ కాగితాలమీదే తన దినచర్య రాసింది. అది 1960లో పుస్తకమై ఎన్నో భాషలకు పాకింది. రాజ్యం ఎవరిపేర కాగితం పుట్టించలేదో వారే కాగితాన్ని చేజిక్కించుకోవడం అంటే అది.

మనకూ ఈ చరిత్ర పరాయిది కాదు. విశాఖ, గోదావరి మండలాల నుంచి మారిషస్‌కూ నేటాల్‌కూ పోయిన కూలీలు చదవలేని ఒప్పందపత్రంమీద వేలిముద్ర వేశారు. 1983 వలస చట్టం కింద, పదో తరగతి పాసు కాని గల్ఫ్ కూలీ పాస్‌పోర్టుకు తనిఖీ నిబంధన వుంది. పట్టభద్రుడి పాస్‌పోర్టుకు లేదు. రక్షణ కోసమే అంటారు. ఆ రక్షణ ఎంతమందికి అందిందో కరీంనగర్, నిజామాబాదు పల్లెల్లో అడిగితే చెబుతారు.

కాబట్టి వీసా ఫారాన్ని కూడా ఒక రచనగా చదవడం మన విద్యార్థులకు నేర్పాలి. దాన్ని రాసినవాడెవడు, ఏ పాఠకుణ్ణి వూహించుకుని రాశాడు, ఎవరికి గడి విడిచాడు, ఎవరికి విడవలేదు అని ప్రశ్నించాలి. కావ్యానికి వేసే ఈ ప్రశ్నలను కచేరీ కాగితానికి వేయడానికి జంకే విమర్శ, ఎంత పాండిత్యం గలదైనా, ఏలినవారి పక్షానే నిలుస్తుంది.