విదేశం వెళ్ళినవానికి ఒక న్యాయం, దీవికి వెళ్ళినవానికి మరొక న్యాయమా?

జూలై నెల దగ్గర పడుతున్నదంటే అండమాన్ నికోబార్ దీవులలో పనిచేస్తున్న మన సభ్యులకు రెండు చింతలు. ఒకటి నైరుతి ఋతుపవనం, రెండవది ఆదాయపు పన్ను రిటర్ను. సముద్రం పోటెత్తి దీవుల మధ్య పడవలు నిలిచిపోయే రోజులలోనే, జూలై 31వ తేదీ లోపల రిటర్ను దాఖలు చేయవలెనని చట్టం శాసిస్తున్నది. 2025లో ఆ గడువును సెప్టెంబరు 16 వరకు జరిపిన మాట నిజమే. అది దేశమంతటికీ జరిపినది గాని, దీవులను తలచుకొని జరిపినది కాదు.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయినది. పేరు మారినంత మాత్రాన దూరం తగ్గలేదు. విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడ దొరకడమే ఒక ఘట్టం, దొరికిన తరువాత రెండు మూడు రోజుల ప్రయాణం. అబర్డీన్ బజారులో నడిస్తే అడుగడుగునా తెలుగు మాట వినబడుతుంది కనుక మనవారికి ఊరు పరాయిది అనిపించదు. కాని తల్లికి జబ్బు చేసినదని శ్రీకాకుళం నుంచి కబురు వచ్చిన రాత్రి అది ఎంత దూరమో తెలిసివస్తుంది. అక్కడి తపాలా ఉద్యోగికి సర్కిల్ కార్యాలయం కలకత్తాలో ఉన్నది. భార్యాబిడ్డలు, చదువులు, వైద్యం తరచుగా ఆంధ్రలో. రెండు కాపురాల ఖర్చు ఒక్క జీతం మీద.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. తెలుసు కనుకనే ద్వీప ప్రత్యేక డ్యూటీ అలవెన్సు ఇస్తున్నది. ఏడవ వేతన సంఘం తరువాత దానికి మూడు మెట్లు ఏర్పరచినది. పోర్ట్ బ్లెయిర్ పరిసరాలకు మూలవేతనంలో 10 శాతం, ఉత్తర, మధ్య అండమాన్‌లకు 16 శాతం, లిటిల్ అండమాన్, నికోబార్ దీవులకు 20 శాతం. ఎక్కడ కష్టం ఎక్కువో అక్కడ శాతం ఎక్కువ. అనగా ఇది బహుమానం కాదు, కష్టానికి పరిహారమని ప్రభుత్వమే తన ఉత్తరువులో ఒప్పుకున్నది. ఒక చేతితో పరిహారమని ఇచ్చినదానినే, రిటర్ను వేసే వేళకు ఆదాయమని రెండవ చేతితో లెక్కగట్టుతున్నది.

ఇప్పుడు మరొక ఉద్యోగిని చూడండి. అతడూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగియే. అతనిని ఏ దేశపు దౌత్య కార్యాలయానికో పంపినారు. విదేశంలో నివసిస్తున్నా అతని జీతం భారతదేశంలోనే పుట్టినట్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 9వ సెక్షన్ చెబుతున్నది. కనుక అతడూ స్వదేశానికి లెక్క చెప్పవలసినవాడే. అయితే అదే చట్టంలోని 10(7) సెక్షన్ అతనికి అక్కడ ఇచ్చే అలవెన్సులకు, సౌకర్యాలకు పూర్తిగా మినహాయింపు ఇచ్చినది. దానికి గరిష్ఠ పరిమితి అంటూ లేదు. పన్ను విధానం కొత్తదైనా పాతదైనా ఆ మినహాయింపు చెక్కుచెదరలేదు. ఆ సోదరుని మీద మాకు ఈర్ష్య లేదు. ఇల్లు వదలి దూరాన పనిచేసేవాని ఖర్చును ఆదాయంగా చూడరాదన్న సూత్రం సరైనదే. ఆ సూత్రం కార్ నికోబార్ రేవు దాకా ఎందుకు రాలేదన్నదే మా ప్రశ్న.

దీవులకు చట్టం ఏమీ ఇవ్వలేదా అంటే, ఇచ్చినది. 1962 నాటి నిబంధనలలో 2బిబి అని ఒకటి ఉన్నది. దాని ప్రకారం సాయుధ దళాల సభ్యునికి దీవుల డ్యూటీ అలవెన్సులో నెలకు 3,250 రూపాయలకు మినహాయింపు. మనవంటి సివిల్ ఉద్యోగికి మారుమూల ప్రాంతపు అలవెన్సు పేరిట పోర్ట్ బ్లెయిర్‌తో సహా దక్షిణ అండమాన్‌లో 1,050 రూపాయలు, నికోబార్, ఉత్తర, మధ్య అండమాన్‌లలో 1,300 రూపాయలు. ఎంత ఉదారంగా అర్థం చెప్పుకున్నా అంతకు మించి దొరకదు. ఈ మొత్తాలు ఏ కాలపు ధరలకు కట్టినవో, బజారుకు సంచి పట్టుకొని వెళ్ళే ప్రతివానికీ తెలుసు.

అదైనా మిగిలినదా? కొత్త పన్ను విధానంలో ఆ 1,050 కూడ లేదు. సైనికుని 3,250 కూడ లేదు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ విధానమే సహజ విధానమైనది. పాతది కావాలనుకున్న జీతగాడు గడువు లోపల వేసిన రిటర్నులోనే కోరుకోవాలి. గడువు దాటితే ఆ హక్కు పోయినట్లే.

కార్ నికోబార్‌లో పనిచేసిన ఒక సభ్యుడు తన కాగితాలు మాకు చూపినాడు. ఫారం 16 చేతికి అందేసరికి జూలై మూడవ వారం. నెట్‌వర్కు వచ్చి పోతూ, ఓటీపీ తెరమీదికి వచ్చేలోగా దాని కాలం తీరిపోతూ, ఆగస్టు నెలలో గాని రిటర్ను చేరలేదు. కట్టవలసిన పన్ను అంతా జీతంలోనే కోసుకున్నారు, పైసా బాకీ లేదు. అయినా ఆలస్య రుసుము ఐదువేలు కట్టినాడు, పాత విధానాన్ని కోరుకునే అవకాశమూ పోగొట్టుకున్నాడు. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది కదా అని మాకు గుర్తు చేస్తారు. ఆ మేలును మేము కాదనము. కేబుల్ ఒడ్డుకు చేరడం వేరు, గాలివానలో ఒక సబ్ పోస్టాఫీసు బల్ల దాకా చేరడం వేరు.

మన వారిలోనే కొందరు, అందునా నాయకులనిపించుకునేవారు, ఒక మాట అంటున్నారు. “2025 బడ్జెటు తరువాత పన్నెండు లక్షల దాకా పన్నే లేదు గదా, ఇక ఈ గొడవ ఎందుకు?” కాగితం మీద లెక్క వేసి చూద్దాము. నికోబార్‌లో పనిచేసే సీనియర్ ఉద్యోగి మూలవేతనం 64,100 రూపాయలు అనుకుందాము. 58 శాతం కరవు భత్యం ఏడాది పొడుగునా ఉన్నదనుకుంటే ఏటా 12,15,336 రూపాయలు. ప్రామాణిక తగ్గింపు 75,000 పోగా 11,40,336. పన్ను సున్న. మెయిన్‌లాండ్‌లోనే ఉండి ఉంటే ఇక్కడితో సరి. దీనికి 20 శాతం ద్వీప అలవెన్సు, ఏడాదికి 1,53,840 కలపండి. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం పన్నెండు లక్షలు దాటి 12,94,176 అవుతుంది, రిబేటు మొత్తం ఎగిరిపోతుంది. సెస్సుతో కలిపి పన్ను 77 వేల పైచిలుకు. ఇచ్చిన పరిహారంలో సగం తిరిగి ఖజానాకే! మిగిలిన చిల్లర అలవెన్సులు వదలివేసినాము. కలిపినా అతని మీద భారం పెరుగుతుందే గాని తగ్గదు. దీవికి వెళ్ళకుండా ఉంటే పన్నే లేనివాడు, వెళ్ళిన పాపానికి పన్ను కట్టుతున్నాడు.

రైల్వే సోదరులు ఇది తపాలా వారి గోడు, రైలు పట్టాలు లేని దీవుల గోడు అనుకొని పేజీ తిప్పవద్దు. లోకో పైలట్, గార్డు రన్నింగ్ అలవెన్సులో 70 శాతానికి, నెలకు 10,000 మించకుండా మినహాయింపు ఇచ్చినది కూడ ఈ 10(14) సెక్షన్, ఈ 2బిబి నిబంధనే. కొత్త విధానంలో దానినీ అదే గొడ్డలితో నరికినారు. రాత్రింబగళ్ళు బండి నడిపేవాడు పరాయి ఊళ్ళో తిన్న అన్నపు ఖర్చు ఆదాయమట!

ప్రపంచంలో ఇంతకంటె కఠినమైన చట్టాలు లేకపోలేదు. అమెరికా తన పౌరుడు ఏ దేశంలో కాపురమున్నా రిటర్ను వేయమంటుంది. అక్కడి పౌరసత్వం పొంది, తిరిగి వచ్చి హైదరాబాదులోనో విజయవాడలోనో స్థిరపడిన మన తెలుగువారు కూడ ఏటా అక్కడికి లెక్క చెప్పుకుంటున్నారు. అంతటి చట్టమే దేశం వెలుపల ఉన్నవానికి ఏప్రిల్ 15 గడువును అడగకుండానే జూన్ 15కు జరుపుతుంది. బాకీ పన్ను మీద వడ్డీ మాత్రం ఆపదు. బయట సంపాదించిన దానిలో 2025 సంవత్సరానికి 1,30,000 డాలర్ల వరకు మినహాయిస్తున్నది కూడ. దూరాన్ని దూరంగా గుర్తించడానికి వారి ఖజానాకు లేని అభ్యంతరం మన ఖజానాకు ఎందుకు?

పాత చట్టం స్థానంలో తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించినారు. భాష సులభం చేసినామని, సెక్షన్లు తగ్గించినామని చెప్పుకున్నారు. మేము అడిగేది భాష కాదు. ద్వీప ప్రత్యేక డ్యూటీ అలవెన్సుకు, సివిల్ ఉద్యోగి సైనికుడు అన్న భేదం లేకుండా, ఏ విధానంలోనైనా పూర్తి మినహాయింపు ఇవ్వాలి. రన్నింగ్ అలవెన్సు మినహాయింపును కొత్త విధానంలోనూ నిలపాలి. దీవులలో పనిచేసేవారికి రిటర్ను గడువు రెండు నెలలు దానంతట అదే పెరగాలి. అంతవరకు ఆలస్య రుసుము ఉండరాదు.

దీవులలోని శాఖలు ఒక పని తక్షణం చేయాలి. ప్రతి సభ్యుని చేత అలవెన్సు కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి పన్ను లెక్క వేయించి, పేస్లిప్పు నకలుతో జతపరచి ఫెడరేషన్ కార్యాలయానికి పంపాలి. నికోబార్ శాఖల కాగితాలు ఆలస్యంగా చేరుతాయని మాకు తెలుసు. వాటి కోసం ఆగుతాము. అవి చేరిన తరువాతనే బడ్జెటుకు ముందు సమర్పించే మెమొరాండం మీద సంతకం పెడతాము.