చిన్న బాకీకీ ఒక కోర్టు కావాలి

ప్రోనోటు మీద రావలసిన డబ్బుకు దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుకు ఆ లెక్క నోటు రాసిన తేదీ నుంచే నడుస్తుంది, డబ్బు మొదటిసారి అడిగిన రోజు నుంచి కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం నోటు లేని చేతిబదులుకూ, ఆగిపోయిన కూలి డబ్బుకూ, అద్దె బాకీకీ మూడేళ్లే. అరువు గడువు మాట్లాడుకోకుండా మిర్చి తోలిన రైతుకు సరుకు అప్పగించిన రోజు నుంచి మూడేళ్లు లెక్క.

గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, కోర్టు కొట్టివేయాల్సిందే. ఆలస్యానికి కారణం చూపి మన్నించమని కోరే వీలు అప్పీళ్లకు ఉంది, దావాలకు లేదు. ఆఖరు రోజు కోర్టుకు సెలవైతే మాత్రం తెరిచిన రోజున వేయవచ్చు. సాక్షులు పోయాక, రసీదులు చిరిగాక పాత నోటు బయటికి తీసి ఎవరినీ వేధించకుండా ఈ కట్టడి కాపాడుతుంది. గడువు న్యాయమైనదే. ఆ గడువులోపు చిన్న మనిషి ఎక్కగలిగిన గడప లేకపోవడమే అన్యాయం.

2022లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లిన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో పత్తి, మిర్చి పెట్టుబడి వ్యవహారం చాలావరకు నమ్మకం మీద నడుస్తుంది. తగాదా వస్తే ముందు పెద్దమనుషుల దగ్గరికే వెళతారు. పత్తి తీతలయ్యాక ఇస్తాడంటారు, ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీలో సరుకు అమ్ముడయ్యాక అంటారు, పెనుగంచిప్రోలు తిరునాళ్ల వెళ్లనిమ్మంటారు. ఈ వాయిదాల్లో ఒక్కటి కూడా గడువును ఆపదు.

గడువును మళ్లీ మొదటి నుంచి నడిపించేది చెల్లు. 2022 మార్చి 15న రాసిన నోటుకు 2025 మార్చి 15తో కాలదోషం పడుతుంది. బాకీదారు 2023 జనవరి 14న 5 వేలు ఇచ్చి, నోటు వెనక ఆ మొత్తం, తేదీ వేసి సంతకం చేస్తే గడువు 2026 జనవరి 14 దాకా సాగుతుంది. అదే 5 వేలను అప్పిచ్చినవారు తమ చిట్టా పుస్తకంలో రాసుకుంటే ప్రయోజనం లేదు. చెల్లు బాకీదారు చేతిరాతతోనో, సంతకంతోనో ఉండాలి, అదీ గడువు తీరకముందే పడాలి. తీరిపోయాక మిగిలేది ఒకటే దారి: పాత బాకీ ఇస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం చేయడం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని గుర్తిస్తుంది. కానీ గడువు తీరిందని తెలిసిన బాకీదారు ఎందుకు రాసిస్తాడు?

చిన్న దావాల కోసం దేశంలో చట్టం లేకపోలేదు. 1887 నాటి స్మాల్ కాజ్ కోర్టుల చట్టం అందుకే వచ్చింది. మూలచట్టంలో దాని పరిమితి 500 రూపాయలు, ప్రభుత్వం తలిస్తే వెయ్యి. ఆ లెక్క ఈనాటి ఏ బాకీకీ సరిపోదు. 2009 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన గ్రామ న్యాయాలయాల చట్టం మెరుగైనది. వ్యాపార లావాదేవీల బాకీలు, అప్పు దావాలు, కనీస వేతనాల తగాదాలు దాని పరిధిలోనే ఉన్నాయి. దరఖాస్తు రుసుము 100 రూపాయలకు మించకూడదు. కేసు ఆరు నెలల్లో తేల్చాలి. న్యాయాధికారి ఊళ్లకే వచ్చి విచారించాలి. అంటే చందర్లపాడులోనో వత్సవాయిలోనో కూర్చుని 30 వేల బాకీ తేల్చవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 42 గ్రామ న్యాయాలయాలను నోటిఫై చేశారు. కేంద్రం పార్లమెంటు ముందుంచిన లెక్కల్లో ఇక్కడ పనిచేస్తున్నవి సున్నా. పదిహేనేళ్లకు పైగా ఒక చట్టాన్ని కాగితం మీదే ఉంచడానికి ఏ సాకూ చాలదు.

నందిగామ, జగ్గయ్యపేట రెండింట్లోనూ సివిల్ కోర్టులు ఉన్నాయి కదా అన్న వాదన నిలవదు. అక్కడ 30 వేల దావా కూడా భూమి తగాదాల వరుసలోనే, అదే పద్ధతిలో నడవాలి. ప్లీడరు ఫీజు, కోర్టు ఫీజు, వాయిదాలకు పోయే పనిరోజులు లెక్కేసుకున్నవారు బాకీనే వదులుకుంటారు. లోక్ అదాలత్ ఖర్చు లేని మంచి మార్గమే, అక్కడి అవార్డు డిక్రీతో సమానం. అయితే రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే తీర్పు, ఒప్పుకోకపోతే మళ్లీ కోర్టు. పైగా దావా వేయకముందు అక్కడ గడిపిన కాలాన్ని గడువు లెక్క నుంచి తీసివేసే నిబంధన లీగల్ సర్వీసెస్ చట్టంలో లేదు. 3 లక్షలకు తగ్గని వ్యాపార వివాదాలకు మాత్రం దావాకు ముందు జరిగే మధ్యవర్తిత్వ కాలాన్ని వాణిజ్య కోర్టుల చట్టం మినహాయించింది. పెద్ద వ్యాపారికి ఇచ్చిన ఊరట మిర్చి రైతుకు ఎందుకు లేదో కేంద్రం సమాధానం చెప్పాలి.

రైతుకు రావలసింది బాకీ కాక నాసిరకం విత్తనాల నష్టమైతే దారి వేరు. రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. అక్కడ గడువు రెండేళ్లే, కాకపోతే తగిన కారణముంటే ఆలస్యాన్ని మన్నిస్తారు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

రాష్ట్ర ప్రభుత్వం, హైకోర్టు కలిసి నందిగామ, జగ్గయ్యపేటల్లో గ్రామ న్యాయాలయాలను వెంటనే తెరవాలి. లోక్ అదాలత్‌లో నలిగిన కాలాన్ని గడువు నుంచి మినహాయించేలా పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. అవి జరిగేదాకా నోటు చేతిలో ఉన్న ప్రతి ఒక్కరూ దాని మీది తేదీ చూసుకోవాలి. మూడో ఏడు దగ్గరపడితే చెల్లు రాయించుకోవాలి, రాయకపోతే పెద్దమనుషుల మాట కోసం ఆగకుండా దావా వేయాలి.