గృహకృత్యములు: స్నానపుగదిలోని మొండి మరకలు

మా ఆలమూరులో నేడు క్రొత్తగా కట్టుచున్న యిండ్లలో నూతిగట్టు కనబడదు. నూతిగట్టునకు మారు పలకలు పఱచిన స్నానపుగదియు, గంగాళమునకు మారు షవరును వచ్చినవి. హైదరాబాదునను అమెరికాయందును కాపురములు చేయు బిడ్డలు వచ్చినపుడు సుఖముగా నుండునని కొందరు మేడమీద స్నానపుతొట్టి సయితము పెట్టించుచున్నారు. సుఖముతోపాటు మరకయు వచ్చినది. ఎంత తోమినను వదలని తెల్లని గారకును ఎఱ్ఱని చారలకును మందేమని యీ నెలలో ముగ్గురు సోదరీమణులు మమ్మడిగిరి. ముగ్గురును యాసిడు వాడుచున్నామనియే చెప్పిరి. వారిలో నొకామె యాసిడు పోసిన మీదట, ఇంకను తెల్లబడునను నాసతో దానిపై బ్లీచింగుపౌడరు చల్లినదట. కన్నులు మండి, ఊపిరి యాడక, దగ్గుచు తలుపు త్రోసికొని బయట పడితినని యామె చెప్పగా మా గుండె ఝల్లుమన్నది. కావున మరకల సంగతికి ముందు ఈ సంగతి వ్రాయుచున్నాము.

అంగళ్ళలో యాసిడని యమ్మునది నీటిలో కలిపిన హైడ్రోక్లోరికు ఆమ్లము. మరుగుదొడ్లు కడుగుటకు అమ్ము ద్రవములు పెక్కింటిలో నుండునదియు నిదియే, కొంచెము పలుచన చేసినది. బ్లీచింగుపౌడరులో క్లోరిను కట్టువడి యున్నది. రెండును కలిసిన తోడనే యా కట్టు విడి క్లోరిను వాయువు పైకి వచ్చును. 1915 వ సంవత్సరము ఏప్రిలు 22 వ తేదీని బెల్జియము దేశములో ఈప్ర యను పట్టణము దాపున జర్మను సైన్యము శత్రువులపై విడిచిన విషపుగాలి యిదియే. ఆరుబయట సేనలను కూల్చిన దానిని మనము కిటికీలేని చిన్నగదిలో తలుపు మూసికొని పుట్టించుకొనుచున్నాము! ఈ వాయువు గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువు గలది. కనుక నేలను బట్టియే ప్రాకును. నిలుచున్నవారికంటె గొంతుకూర్చుండి నేల తోమునామెకే ముందు తగులును. పెక్కిండ్లలో ఆ కూర్చున్నది పనిమనిషి. ఆమెకు సీసా అందించునది మనమే.

ఆగ్నేయాస్త్రమును వారుణాస్త్రము చల్లార్చునని పురాణములలో చదివిన మనకు, రెండు మందులు కలిపిన ఒకదాని కాక రెండవది తీర్చుననియో, రెట్టింపు బలము వచ్చుననియో తోచుట సహజము. ఇచ్చట నట్లు కాదు. రెండస్త్రములును కలిసి మూడవది పుట్టి వేసినవారి మీదికే తిరుగును. యాసిడే కానక్కరలేదు, నిమ్మరసము, వెనిగరు మొదలగు ఏ పులుపైనను బ్లీచింగుపౌడరుతో కలియరాదు. ఒకటి వాడిన దినమున రెండవదానిని ముట్టకుండుట మేలు. ఒకవేళ నట్టి ఘాటు తోచిన యెడల, చేతిలోని చీపురు అచ్చటనే విడిచి బయటికి రావలెను. "నీళ్ళు పోసి కడిగి వత్తును" అని క్షణమైనను నిలువరాదు. తలుపు తెఱచి యుంచి, కన్నులు మండుచున్నచో మంచినీటితో పావుగంటసేపు కడుగుకొనవలెను. దగ్గు తగ్గినంత మాత్రమున గండము గడచినట్లు కాదు. ఆయాసము కొన్ని గంటల తరువాతను రావచ్చును. వచ్చినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఆడపిల్లల మీద యాసిడు పోయు పాపాత్ముల మూలమున 2013 జూలైలో సుప్రీముకోర్టు దీని యమ్మకమునకు కట్టుబాట్లు విధించినది. అమ్మువారు కొనువారి పేరును చిరునామాయును పుస్తకమున వ్రాసికొనవలెను, గుర్తింపు పత్రము చూడవలెను, పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మనే రాదు. అంతటి వస్తువు, పసిపిల్లలు తిరుగు ఇంట, తాగునీటి సీసాలో పోసి తలుపుమూల నుంచుట మేము చూచితిమి.

ఇక మరకలు. మన భాషలో వీనికి గార, తుప్పు, మడ్డి, పాచి యని వేర్వేరు పేళ్ళున్నవి. పేరు తెలిసినచో మందు సగము తెలిసినట్లే.

మాది గోదావరి డెల్టా. 1852 లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటి నుండియు కాలువ నీరే మా ప్రాంతపు ప్రాణము. అయినను మేడమీది ట్యాంకుల కెక్కునది చాలయిండ్లలో బోరునీరు. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు దానికి తోడు మఱియొకటి లేదు. భూమిలోని నీటియందు సున్నపు లవణములు కరగియుండును. నీరారిపోగా పలకమీద మిగులు ఆ సున్నమే గార. దానిని రాచినంత మాత్రమున పోదు, కరగింపవలెను. అందుకు పులుపు చాలును. చింతపండుతో రాగిచెంబు తోమిన మన అమ్మమ్మలకు పులుపు చేయు పని తెలియును. నిమ్మఉప్పు రెండు పెద్దచెంచాలు అరలీటరు గోరువెచ్చని నీట కరగించి, పాతగుడ్డ తడిపి గారమీద పఱచి అరగంట యుంచుడు. సన్నని బుడగలు లేచినచో పని సాగుచున్నదని గుర్తు. పిమ్మట కొబ్బరిపీచుతో తోమి కడుగవలెను. కోనసీమ దాపున పీచుకు కఱవా! అయితే పీచు పలకలకే. స్నానపుతొట్టిని పీచుతోగాని, ఇటుకపొడితోగాని, ఇనుపపీచుతోగాని తోమిన గీతలు పడును. ఆ గీతలలో మురికి చేరి మునుపటికంటె త్వరగా నల్లబడును. దానికి మెత్తని గుడ్డయే తగినది.

ఇచ్చట నొక హెచ్చరిక. తాండూరు బండలు, కడప నల్లబండలు, చలువరాయి యివన్నియు సున్నపురాతి జాతివి. వీనిమీద పులుపు పోసినచో గారతోపాటు బండయు కరగి మెఱుగు పోవును. తిరిగి సానపట్టించుట తప్ప వేఱు దారి లేదు. నేల ఏ రాయియో తెలియనిదే నిమ్మఉప్పు సీసా దింపవలదు. సెల్‌ఫోను తెఱలమీద వెనిగరును వంటసోడాను కలిపి పొంగించి చూపుచున్నారు. చూచుటకు వేడుకయే కాని, ఒకటి రెండవదాని బలమును తీసివేయగా మిగులునది ఉప్పదనము గల నీరు. అపాయము లేదు, ఉపయోగమును అంతగా లేదు.

కొళాయి క్రింద దిగు ఎఱ్ఱచార తుప్పు. బోరునుండి వచ్చునపుడు తేటగానే యున్న నీటిలోని యినుము గాలి తగిలి ఎఱ్ఱబడును. దీనిపై బ్లీచింగుపౌడరు వేయుట నిప్పుపై నెయ్యి పోయుట. మరక మఱింత గట్టిపడును. నిమ్మరసము ఉప్పు కలిపి పట్టించి గంటసేపుంచి, రెండు మూడు దినములు అట్లే చేసిన తగ్గును. ఆక్సాలికు ఆమ్లము త్వరగా తీయునుగాని అది విషము. పిల్లలున్న యింటికి మేము చెప్పము. కారు కొళాయిని బాగుచేయించిన, చార మరల రాదు.

జిడ్డుగా బూడిదరంగున అంటుకొనునది సబ్బుమడ్డి. సబ్బును నీటిలోని సున్నమును కలిసి కరగని ముద్దయగుటచే నిది పుట్టును. వేడినీటిలో చాకలిసోడా కలిపి, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని రుద్దిన వదలును. కుంకుడుకాయ రసముతో తలయంటు ఇండ్లలో ఈ మడ్డి తక్కువ. దాని నురుగు సున్నముతో ముద్దకట్టదు.

పలకల సందులలోని నల్లని బూజుకును, నేలమీది పాచికిని మాత్రము బ్లీచింగుపౌడరు తగినది. స్కాట్లండు దేశస్థుడు చార్లెసు టెనెంటు 1799 లో బట్టల చలువ కొఱకు దీనికి పేటెంటు పొందెను. లీటరు నీటికి ఒక పెద్దచెంచా కలిపి, కొంతసేపు నిలిపి, పైతేటను మాత్రమే వంచుకొని వాడవలెను; అడుగుమడ్డి సున్నము, అది పోసినచో మరల తెల్లచారలు పడును. కిటికీ తెఱచి, పది నిమిషములుంచి, ధారాళముగా నీళ్ళు పోయవలెను. మూత్రము నిలిచిన చోట కడుగకుండ దీనిని పోయరాదు. అచ్చటను విషవాయువు పుట్టును.

షవరు కన్నములు పూడి నీరు ప్రక్కలకు చిమ్ముచున్నదని కదా యొక సోదరి యడిగినది. అదియు గారయే. దానిని విప్పనక్కరలేదు. ఒక ప్లాస్టిక్కు సంచిలో వెనిగరు పోసి, షవరుతల మునుగునట్లు సంచిని దానికి దారముతో కట్టి గంటసేపుంచవలెను. మెఱుగుపూత గల దానికి అంతకు మించరాదు. పిదప సంచి విప్పి, పాత పళ్ళబ్రష్షుతో కన్నములు రాచి, అయిదు నిమిషములు నీరు విడిచినచో ధార తిన్నగా వచ్చును.