నడుమునొప్పికి కూడా కాగితం కావాలి



వేలూరు వైపు పట్టాళానికి పోయి వచ్చిన వాళ్లు ఎందరో ఉన్నారు, వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. గుండు తగిలినా, కాలు పోయినా అందరికీ కనబడుతుంది. నడుములో డిస్కు జరిగినా, మెడ ఎముక అరిగినా బయటికి తెలియదు. బోఫోర్స్ ఫిరంగి గుండు ఒక్కొక్కటి 40 కిలోలకు పైనే. అవి మోసినవాళ్లు, కొండదారుల్లో ఏళ్లకొద్దీ మిలిటరీ లారీ తోలినవాళ్లు "వయసైంది, నొప్పి వచ్చింది" అని ఊరుకుంటున్నారు. ఇది సరి కాదు అంటాము మేము.

రిటైరయ్యేటప్పుడు మెడికల్ బోర్డు రెండు సంగతులు రాస్తుంది. లోపం ఎంత శాతం? అది సర్వీసు వల్ల వచ్చిందా, లేదా సర్వీసు వల్ల ముదిరిందా? 20 శాతమో ఆ పైనో ఉండి, రెండోదానికి 'అవును' అని ఉంటేనే డిసెబిలిటీ పెన్షన్. చిక్కంతా ఆ రెండో ప్రశ్న దగ్గరే.

2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే, తర్వాత వచ్చినదాన్ని సర్వీసు వల్ల వచ్చినదిగానే భావించాలి. కాదంటే రుజువు చూపవలసింది సర్కారే. ఆయనది మూర్ఛ జబ్బు. నడుముకు మాత్రం న్యాయం వేరుగా ఉంటుందా? 2014లో రామ్ అవతార్ కేసులో ఇంకో తీర్పు వచ్చింది. దాని ప్రకారం, సర్వీసు పూర్తి చేసి వచ్చినవారికి కూడా 20 శాతాన్ని 50గా లెక్కకట్టాలి. 2023 సెప్టెంబరు 21 నుండి కొత్త రూల్సు వచ్చాయి. ఆ తర్వాత రిటైరైనవారి కాగితాలు వేరుగా చూడాలి.

దొంగ క్లెయిములూ ఉన్నాయి కదా అంటారు కొందరు. ఉండవచ్చు. వాటిని పట్టుకోవడానికే డాక్టర్లు ఉన్నారు. ఆ సాకుతో నిజంగా నొప్పిపడేవాణ్ణి తిప్పి పంపకూడదు.

మనవైపూ తప్పుంది. సిక్ రిపోర్టుకు పోవడం నామోషీ అనుకుంటాము. మాత్ర మింగి డ్యూటీకి పోతాము. తర్వాత ఫైలులో ఏమీ ఉండదు. సర్వీసులో ఉన్న పిల్లలకు చెప్పండి: నొప్పి వచ్చిన రోజే ఎమ్మై రూముకు పోయి రాయించుకోవాలి, కాపీ ఇంటికి పంపాలి.

తిరస్కరించిన లెటరు వస్తే దాన్ని పెట్టెలో పెట్టవద్దు. అప్పీలుకు గడువు ఉంటుంది. అక్కడా కాకపోతే చెన్నైలోనే సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచి ఉంది. తమిళ మీడియంలో చదివిన మాకు కూడా ఇంగ్లీషు కాగితం అంటే ఒకప్పుడు భయమే. రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసి ఆ భయం పోయింది. డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు తీసుకుని సంఘం మీటింగుకు రండి. భర్త పోయిన అక్కచెల్లెళ్లు కూడా తప్పక రావాలి. అందరం కూర్చొని చదువుదాము.